అల్ట్రాసౌండ్ స్కానింగ్: యంత్రం, బుడగల మందు, నివేదికలోని మాటలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉండే తెలుగు కుటుంబాలకు స్కానింగ్ కేంద్రంలో మూడు భాషలతో పని పడుతుంది. ఇంటి నుంచి వెంట వచ్చిన భాష తెలుగు, గోడ మీది బోర్డు ఒడియా, చేతికిచ్చే నివేదిక ఇంగ్లీషు. నేను ఈ ప్రాంతంలో అల్ట్రాసౌండ్ యంత్రాలను సరిచేసే ఇంజనీరును, వైద్యుణ్ణి కాను. అందువల్ల ఏ రోగానికి ఏ చికిత్స అవసరమో ఇక్కడ చెప్పను. యంత్రం ఎలా పనిచేస్తుందో, నివేదికలోని ఏ మాట దేన్ని వర్ణిస్తుందో మాత్రం, వరండాలో బల్లల మీద కూర్చున్నవారు నన్ను అడిగిన వరసలోనే రాస్తున్నాను.

ఇది ఎక్స్‌రే లాంటిదేనా? పదే పదే చేయించుకుంటే ప్రమాదమా?

కాదు. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో వాడేది రేడియేషన్. ఇందులో వాడేది శబ్దం. మన చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది, ఈ యంత్రాలు పంపే శబ్దం సాధారణంగా 20 లక్షల నుంచి 1.5 కోట్ల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. శబ్దమైనా అది శక్తే కాబట్టి దానికీ హద్దులున్నాయి. తెర మీద ఒక మూల ‘ఎంఐ’, ‘టీఐ’ అనే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది శబ్దపు ఒత్తిడి వల్ల కలిగే యాంత్రిక ప్రభావానికి, రెండవది వేడెక్కే అవకాశానికి సూచికలు. కంటి పరీక్షను మినహాయిస్తే ఎంఐ 1.9 దాటకూడదని అమెరికా నియంత్రణ సంస్థ పెట్టిన పరిమితినే తయారీదారులు పాటిస్తున్నారు. వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు, అవసరమైనంత సేపే చేయడం ఇందులోని నియమం. కడుపులోని బిడ్డ ముఖం ఫొటో కోసం అరగంట సేపు ప్రోబ్ (శబ్దం పంపేందుకు ఒంటికి ఆనించే పరికరం) ఆనించి ఉంచమని అడగడం ఈ నియమానికి విరుద్ధం.

శబ్దంతో బొమ్మ ఎలా వస్తుంది?

కొండ ముందు నిలబడి కేకేస్తే ఎంతసేపటికి ప్రతిధ్వని వినిపించిందో దాన్నిబట్టి కొండ ఎంత దూరంలో ఉందో లెక్కకట్టవచ్చు. యంత్రం చేసేదీ ఈ లెక్కే. ప్రోబ్ కొనలో వరుసగా పేర్చిన పింగాణీ వంటి సన్నని స్ఫటికపు ముక్కలు ఉంటాయి. విద్యుత్తు ఇస్తే అవి కంపించి శబ్దాన్ని పుట్టిస్తాయి, తిరిగివచ్చిన శబ్దం తాకితే విద్యుత్తును పుట్టిస్తాయి. ఒత్తిడి వల్ల విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు వెలుగులోకి తెచ్చారు. మెత్తని కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్లు ప్రయాణిస్తుందని యంత్రం అనుకుంటుంది. ఒక సెంటీమీటరు లోతుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 13 భాగాలు. ఏ ప్రతిధ్వని ఎప్పుడు వచ్చిందన్నది బట్టి చుక్క ఎక్కడ పెట్టాలో, ఎంత బలంగా వచ్చిందన్నది బట్టి ఆ చుక్క ఎంత తెల్లగా ఉండాలో తేలుతుంది. ఈ రెండే విషయాలు. తెర మీద కనిపించేది కాలేయం ఫొటో కాదు, కాలేయం నుంచి వచ్చిన ప్రతిధ్వనుల పటం. నివేదికను చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది.

గర్భిణుల పరీక్షకు దీన్ని వాడవచ్చని గ్లాస్గోకు చెందిన ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో వైద్య పత్రికలో ప్రచురించింది. ఓడల లోహపు రేకుల్లో పగుళ్లు వెతికే పరికరాల నుంచి ఆ పని మొదలైంది.

చల్లగా, గంజిలా పూసేది మందా?

మందు కాదు. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య పలుచని గాలి పొర మిగిలినా శబ్దంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా అక్కడే వెనక్కి మళ్లిపోతుంది. ఆ గాలిని తొలగించడమే జెల్ పని. పేగుల్లో గ్యాసు ఎక్కువగా ఉంటే ‘పాంక్రియాస్ అబ్‌స్క్యూర్డ్ బై బవెల్ గ్యాస్’ అని రాసేది కూడా ఇదే కారణంగా. క్లోమగ్రంథిలో ఏదో దోషం ఉందని దాని అర్థం కాదు, గాలి అడ్డు రావడం వల్ల అది కనబడలేదని అర్థం.

పరగడుపున రమ్మంటారు, మరొకరిని కడుపునిండా నీళ్లు తాగమంటారు. ఎందుకీ తేడా?

పిత్తాశయం పైత్యరసంతో నిండి సంచిలా ఉబ్బి ఉన్నప్పుడే అందులోని రాళ్లు తెలుస్తాయి, కొవ్వున్న ఆహారం తింటే అది ముడుచుకుపోతుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. పాలు పోసిన టీ కూడా ఆహారమే. బస్సు దిగగానే ఒక టీ తాగి, ‘పరగడుపునే ఉన్నానండీ’ అని నిజాయితీగా చెప్పేవారిని నేను ప్రతి వారం చూస్తాను. ఇక గర్భాశయం, అండాశయాలు, ప్రోస్టేట్ చూడాలంటే నిండిన మూత్రాశయం కిటికీలా పనిచేస్తుంది. అది పేగులను పక్కకు నెట్టి శబ్దానికి దారి ఇస్తుంది. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు పరగడుపున ఉండే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి.

ఒకే యంత్రానికి మూడు నాలుగు ప్రోబ్‌లు ఎందుకు?

పౌనఃపున్యం, అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, పెరిగితే బొమ్మ స్పష్టత పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. రెండూ ఒకేసారి రావు. కడుపు పరీక్షకు వంపు తిరిగిన కాన్వెక్స్ ప్రోబ్, సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ (ఒక మెగాహెర్ట్జ్ అంటే పది లక్షల హెర్ట్జ్). థైరాయిడ్, రొమ్ము, రక్తనాళాలు చూడటానికి చదునైన లీనియర్ ప్రోబ్, 7 మెగాహెర్ట్జ్ నుంచి పైకి. పక్కటెముకల సందు నుంచి గుండెను చూడటానికి చిన్న ముఖం ఉన్న ఫేజ్డ్ అరే ప్రోబ్. గర్భాశయాన్ని దగ్గర నుంచి చూడటానికి లోపలికి ప్రవేశపెట్టే సన్నని ప్రోబ్. యంత్రం ఎంత ఖరీదైనదో కాక, మీకు రాసిన పరీక్షకు తగిన ప్రోబ్ ఆ కేంద్రంలో ఉందా లేదా అన్నది అడగడం తెలివైన పని.

‘హైపోఎకోయిక్’, ‘హైపర్‌ఎకోయిక్’ అని రాశారు. ఇవి క్యాన్సర్ పేర్లా?

కావు. ఎక్కువమంది భయపడే ప్రశ్న ఇదే కనుక కొంచెం విడమరచి చెబుతాను. ‘ఎకో’ అంటే ప్రతిధ్వని. అనెకోయిక్ అంటే ప్రతిధ్వని అసలు లేనిది, తెర మీద నల్లగా కనిపించేది: మూత్రం, పైత్యరసం, ఉమ్మనీరు, నీటి తిత్తి అన్నీ ఇలాగే ఉంటాయి. హైపోఎకోయిక్ అంటే చుట్టుపక్కల కణజాలం కన్నా నలుపు ఎక్కువైనది, హైపర్‌ఎకోయిక్ అంటే దానికన్నా తెల్లనిది, ఐసోఎకోయిక్ అంటే దానితో సమానమైనది. ఇవన్నీ పోలికలే. మనిషి చామనఛాయ అని చెబితే అతని గుణం తెలియనట్టే, ఒక గడ్డ హైపోఎకోయిక్ అని చెబితే అది మంచిదో చెడ్డదో తేలదు. కాలేయంలోని హానిలేని రక్తనాళపు గడ్డ చాలాసార్లు తెల్లగా కనిపిస్తుంది. కొన్ని క్యాన్సర్ గడ్డలూ తెల్లగానే కనిపిస్తాయి. అంచులు, లోపలి రక్తప్రసరణ, పరిమాణంలో మార్పు, రక్తపరీక్షలు కలిపి చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు.

‘పోస్టీరియర్ అకౌస్టిక్ షాడో’ అంటే వెనుక పడ్డ నీడ. రాయి శబ్దాన్ని దాటనివ్వదు కాబట్టి దాని వెనుక నల్లని చార పడుతుంది; రాయి అని చెప్పడానికి అదొక ఆనవాలు. దీనికి ఎదురైనది ‘ఎన్‌హాన్స్‌మెంట్’. నీటిలో శబ్దం పెద్దగా తగ్గదు కాబట్టి నీటి తిత్తి వెనుక భాగం మరింత తెల్లబడుతుంది. నీడ, వెలుగు రెండూ నిజానికి బొమ్మలోని లోపాలే, అయినా రోగనిర్ధారణకు అవే దారి చూపిస్తాయి.

కడుపులో బల్ల ఉందన్నారు. నివేదికలో ఆ మాట ఎక్కడా లేదే?

‘స్ప్లీనోమెగలీ’ అన్న మాట కోసం చూడండి. మన పెద్దవాళ్లు బల్ల అనేది పెరిగిన ప్లీహాన్నే. పెద్దవారిలో ప్లీహం పొడవు సాధారణంగా 12 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల్లో మలేరియా చాలాకాలంగా ఉంది, దాని వల్ల ప్లీహం పెరగడం ఇక్కడివారికి కొత్త కాదు. కాలేయ వ్యాధుల వల్ల, కొన్ని రక్త వ్యాధుల వల్ల కూడా పెరుగుతుంది.

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ వ్యాధిలో కథ తిరగబడుతుంది. చిన్నతనంలో పెరిగిన ప్లీహం వయసు వచ్చేకొద్దీ కొందరిలో కుంచించుకుపోయి, పెద్దయ్యాక స్కాన్‌లో వెతకాల్సినంత చిన్నదవుతుంది. ఎర్రకణాలు త్వరగా నశించడం వల్ల పిత్తాశయంలో రాళ్లు చిన్న వయసులోనే ఏర్పడతాయి. ఈ వ్యాధి ఉన్న 2 నుంచి 16 ఏళ్ల పిల్లలకు మరో ఉపయోగకరమైన పరీక్ష ఉంది. కణత దగ్గర, చెవికి కాస్త ముందు ఎముక పలచగా ఉండే చోట 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఆనించి మెదడు రక్తనాళాల్లో రక్తం వేగం కొలుస్తారు. సగటు వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. అటువంటి పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని 1998లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. దీని పేరు ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. మీ పిల్లలకు ఈ వ్యాధి ఉందని తేలితే ఈ పరీక్ష గురించి వైద్యుణ్ణి పేరు పెట్టి అడగండి.

కలర్ డాప్లర్‌లో ఎర్రగా ఉన్నది మంచి రక్తం, నీలంగా ఉన్నది చెడు రక్తమా?

కాదు. ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయే రక్తానికి నీలం రంగు వేయడం ఆనవాయితీ. ప్రోబ్‌ను అటు ఇటు తిప్పితే రంగులు తారుమారవుతాయి. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం మారుతుందని 1842లో చెప్పిన క్రిస్టియన్ డాప్లర్ పేరే ఈ పరీక్షకు పెట్టారు.

‘సీఎండీ మెయింటెయిన్డ్’ అంటే మూత్రపిండాలు బాగున్నట్టేనా?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల్లో చుట్టరికాలున్న మనవారికి ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఇంటి విషయం కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. మూత్రపిండపు పై పొరకూ లోపలి భాగానికీ మధ్య ఛాయ తేడా స్పష్టంగా ఉంటే సీఎండీ ఉన్నదని రాస్తారు. వ్యాధి ముదిరేకొద్దీ పై పొర తెల్లబడుతుంది, తేడా చెరిగిపోతుంది, సాధారణంగా 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉండే మూత్రపిండం చిన్నదవుతుంది. అయితే తొలిదశలో బొమ్మ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. స్కానింగ్ ఆకారాన్ని చూపిస్తుంది, పనితనాన్ని చూపించదు. దానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు కావాలి. స్కాన్ బాగుందని ఆ పరీక్షలు మానేయడం పొరపాటు.

గర్భిణి నివేదికలోని పొట్టి అక్షరాలు ఏమిటి? ప్రతి స్కాన్‌లో ప్రసవం తేదీ ఎందుకు మారుతుంది?

సీఆర్‌ఎల్ అంటే తల నుంచి పిరుదుల వరకు పొడవు. బీపీడీ తల అడ్డు కొలత. హెచ్‌సీ తల చుట్టుకొలత. ఏసీ పొట్ట చుట్టుకొలత. ఎఫ్‌ఎల్ తొడ ఎముక పొడవు. ఏఎఫ్‌ఐ ఉమ్మనీటి కొలత; అది 5 సెంటీమీటర్ల లోపు ఉంటే తక్కువని, 24, 25 దాటితే ఎక్కువని అంటారు. సెఫాలిక్ అంటే తల కిందికి ఉంది, బ్రీచ్ అంటే మనం ఎదురుకాళ్లు అనే స్థితి. ప్లాసెంటా అంటే మావి. అది గర్భాశయ ద్వారాన్ని కప్పితే ‘ప్రీవియా’.

మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ దాదాపు ఒకే తీరున పెరుగుతారు, అందువల్ల సీఆర్‌ఎల్‌తో కట్టిన తేదీలో తేడా అయిదు నుంచి ఏడు రోజులకు మించదు. ఎనిమిదో నెలలో కొందరు బిడ్డలు పెద్దగా, కొందరు చిన్నగా ఉంటారు కాబట్టి అప్పటి లెక్కలో మూడు వారాల తేడా రావచ్చు. మొదటి స్కాన్‌లో తేలిన తేదీయే మీ తేదీ. ఆ కాగితాన్ని పోగొట్టుకోకండి. బిడ్డ బరువు అంచనాలోనూ నూటికి పది పదిహేను పాళ్లు అటు ఇటు ఉంటుంది. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, బిడ్డ మెడ వెనుక నీటి పొర మందం చూసేందుకు చేసేది ఎన్‌టీ స్కాన్. 18 నుంచి 22 వారాల మధ్య అవయవ లోపాల కోసం చేసేదాన్ని మనవైపు టిఫా స్కాన్ అంటారు. సమయం దాటిపోయాక వెళితే యంత్రం ఎంత మంచిదైనా ఆ వివరాలు తిరిగి రావు.

ఆడపిల్లో మగపిల్లాడో చెబుతారా?

చెప్పరు, చెప్పకూడదు, అడగకూడదు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది. చెప్పిన వైద్యుడికి మొదటి నేరానికి మూడేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. చెప్పమని కోరిన బంధువుకు మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. గర్భిణిని భర్తో అత్తింటివారో బలవంతపెట్టారనే న్యాయస్థానం మొదట భావిస్తుంది. స్కాన్‌కు ముందు ‘ఫారం ఎఫ్’ మీద సంతకం పెట్టించేది కూడా ఈ చట్టం కిందనే; బిడ్డ లింగం తెలుసుకోవాలని కోరడం లేదని అందులో గర్భిణి ప్రకటన ఉంటుంది. ఒడియా, ఇంగ్లీషు చదవలేని కోడలి చేత ఏమీ చెప్పకుండా వేలిముద్ర వేయించడం నాకు నచ్చని విషయం. తెలుగులో చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడకండి. చేతిలో పట్టే చిన్న యంత్రాలకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది, నమోదు లేని కేంద్రానికి ఎవరూ యంత్రం అమ్మరాదు.

అల్ట్రాసౌండ్‌కు కూడా కాంట్రాస్ట్ సూది ఉందా?

ఉంది. కాంట్రాస్ట్ అంటే బొమ్మ తేటపడేందుకు ఇచ్చే మందు. కానీ ఇది సీటీ స్కాన్‌లో ఇచ్చే అయోడిన్ మందు కాదు. ఇవి అతి సూక్ష్మమైన వాయు బుడగలు. గాలికి తగిలితే శబ్దం గట్టిగా తిరిగి వస్తుందని పైన జెల్ దగ్గర చెప్పాను. అక్కడ అడ్డంకిగా మారిన గుణాన్నే ఇక్కడ వాడుకుంటారు. 1968లో అమెరికాలో గ్రామియాక్, షా అనే వైద్యులు సూది ద్వారా వెళ్లిన బుడగలు గుండె బొమ్మలో మెరవడాన్ని నమోదు చేశారు. ఈనాటి మందుల్లో సోనోవ్యూలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు, డెఫినిటీ, ఆప్టిసన్‌లలో పెర్‌ఫ్లూట్రెన్, జపానులో ప్రాచుర్యంలో ఉన్న సోనజాయిడ్‌లో పెర్‌ఫ్లూబ్యుటేన్ ఉంటాయి. రక్తంలో తేలిగ్గా కరగని వాయువు లోపల, కొవ్వు లేదా ప్రొటీన్ పలుచని పొర పైన.

దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది: సోనోవ్యూ సీసాలో అడుగున తెల్లని పొడి ఉంటుంది. అందులో 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి ఇరవై సెకన్లు గట్టిగా కుదిపితే పలుచని పాలలా మారుతుంది. కాలేయ పరీక్షకు అందులో 2.4 మిల్లీలీటర్లు చేతి నరంలోకి ఇచ్చి, వెనుకనే సెలైన్ పంపిస్తారు. బుడగ సగటు వ్యాసం సుమారు 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎర్రకణం 7 నుంచి 8 మైక్రాన్లు. అందువల్ల ఎర్రకణం దూరిన ప్రతి చోటికీ బుడగ దూరుతుంది, రక్తనాళం దాటి బయటకు మాత్రం రాదు. శబ్దపు ఒత్తిడికి బుడగ కుదించుకొని వ్యాకోచిస్తుంది, ఆ తీరు కణజాలపు తీరుకు భిన్నంగా ఉండటంతో యంత్రం కణజాలాన్ని తీసివేసి బుడగలను మాత్రమే చూపిస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే బుడగలు పగిలిపోతాయి కనుక ఎంఐని 0.2, 0.3 దాటకుండా తగ్గించి పెడతారు.

సూది ఇచ్చిన సుమారు పది ఇరవై సెకన్లకు ధమనుల దశ, అర నిమిషం తర్వాత పోర్టల్ దశ (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర నిండే సమయం), రెండు నిమిషాలు దాటాక చివరి దశ. రక్తనాళపు గడ్డ అంచుల నుంచి మెల్లగా లోపలికి నిండుతుంది. కాలేయంలో పుట్టిన క్యాన్సర్ ధమనుల దశలో తళుక్కున వెలిగి ఆలస్యంగా, కొద్దికొద్దిగా మసకబారుతుంది. మరో చోట పుట్టి కాలేయానికి పాకిన గడ్డలు చాలావరకు నిమిషంలోపే నల్లబడతాయి. మామూలు స్కాన్‌లో తేలని ‘హైపర్‌ఎకోయిక్’ గడ్డ ఏమిటో చాలాసార్లు ఈ కొద్ది నిమిషాల్లోనే తేలుతుంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ సూది ఇవ్వవచ్చా?

ఉద్దానం వైపు కుటుంబాలకు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట ఇదే. ఈ వాయువు మూత్రపిండాల ద్వారా బయటకు పోదు, ఊపిరితో పోతుంది. నూటికి ఎనభై పాళ్లకు పైగా రెండు నిమిషాల్లోనే వెలుపలికి వచ్చేస్తుంది. అందుకని క్రియాటినిన్ ఎక్కువగా ఉండి సీటీ కాంట్రాస్ట్‌కు వైద్యులు వెనుకాడే వారికి ఇది ఆలోచించదగిన మార్గం. అయితే పూర్తిగా ప్రమాదం లేనిదని కాదు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదుగానైనా రావచ్చు, కాబట్టి అత్యవసర మందులు దగ్గర ఉన్న చోటే చేయించుకోవాలి. కొన్ని మందుల్లో కలిపే పాలిఇథిలీన్ గ్లైకాల్ అంటే అలర్జీ ఉన్నవారు, తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు ముందే చెప్పాలి. సికిల్ సెల్ రోగుల్లో సూది తర్వాత ఒంటి నొప్పుల తెరలు వచ్చిన సందర్భాలున్నాయని మందుల సూచన పత్రాల్లోనే హెచ్చరిక ఉంది. కొండ ప్రాంతాల వారు ఈ సంగతి చెప్పడం మరువకూడదు. చిన్న పట్టణాల కేంద్రాల్లో ఈ పరీక్ష సాధారణంగా ఉండదు. విశాఖపట్నమో భువనేశ్వరమో బయలుదేరే ముందు, కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ చేస్తారా అని ఫోనులో కనుక్కోండి.

రెండు కేంద్రాల్లో రెండు కొలతలు వచ్చాయి. యంత్రం పాడైనదా?

రాయి ఒకచోట 6 మిల్లీమీటర్లు, మరోచోట 8 మిల్లీమీటర్లు అంటే అది మామూలు తేడా. ప్రోబ్ పట్టిన కోణం, చేసినవారి చేయి మారాయి. యంత్రంలోనే లోపం ఉంటే మరోలా తెలుస్తుంది. ప్రోబ్ తీగ మీదుగా ట్రాలీ చక్రం వెళ్లినా, ప్రోబ్ చేయి జారి కింద పడినా కొన్ని స్ఫటికాలు చచ్చిపోతాయి. అప్పుడు బొమ్మలో పైనుంచి కిందికి ఒక సన్నని నల్లని పట్టీ నిలిచిపోతుంది, ప్రోబ్ జరిపినా అది ప్రోబ్‌తోపాటే జరుగుతుంది. జెల్ పూయకుండా, గాలిలో ఉన్న ప్రోబ్ ముఖం మీద కాగితాల పిన్నును మెల్లగా జరిపితే ఆరోగ్యంగా ఉన్న చోట తెర మీద చార కదులుతుంది, చచ్చిన చోట కదలదు. నా పనిలో నేను మొదట చేసే పరీక్ష అది. మా ప్రాంతంలో వానాకాలం తేమ, కరెంటు ఎగుడుదిగుళ్లు యంత్రానికి ఇంకో రెండు శత్రువులు.

స్కాన్ ఫొటోలు ఎలా దాచుకోవాలి?

అవి వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితాలు, ఎండకూ వేడికీ నల్లబడతాయి లేదా వెలిసిపోతాయి. ఒకసారి ఒక పెద్దాయన కోడలి మొదటి స్కాన్ ఫొటోను భద్రంగా ఉండాలని లామినేషన్ చేయించి, అట్టలా గట్టిపడిన నల్లని ముక్కను పట్టుకొచ్చి, ‘బాబూ, ఇందులో బొమ్మ తిరిగి వస్తుందా?’ అని అడిగారు. రాదు. ఫొటో చేతికి రాగానే ఫోనుతో ఒక చిత్రం తీసి, ఒక జిరాక్స్ తీయించి, అసలుదాన్ని మామూలు కాగితపు కవరులో నీడపట్టున పెట్టండి. కేంద్రంలో బొమ్మల సీడీ ఇస్తారేమో అడగండి, ఆయన కోడలికి అలాగే మరో ప్రతి దొరికింది.